ఎవరో తెలిశాకే స్నేహమా?

ఈసారి మీకొక ఇంగ్లీషు నవల గురించి చెప్పాలనిపించింది. ధమ్మం గురించిన పుస్తకంలో గ్రహాంతరవాసి కథేంటని కొందరు నవ్వుతారు. నవ్వండి, కానీ చివరిదాకా చదవండి. ఈ నవల చదివినప్పటి నుంచి ఒక ప్రశ్న నన్ను వదలడం లేదు. ఒక మనిషితో స్నేహం చెయ్యాలంటే ముందుగా అతనెవరో మనకు తెలిసి తీరాలా?

నవల పేరు ‘ది మ్యాన్ హూ ఫెల్ టు ఎర్త్’. భూమ్మీద పడ్డ మనిషి అనుకోండి. రాసినాయన వాల్టర్ టెవిస్ అనే అమెరికా రచయిత. 1963లో అచ్చయింది. 1976లో సినిమా కూడా తీశారు, డేవిడ్ బౌయీ అనే పేరున్న పాటగాడు అందులో వేషం కట్టాడు. సినిమా సంగతి పక్కన పెట్టండి. నేను చెప్పేది నవల గురించే.

ఆంథియా అని ఒక గ్రహం. అక్కడివాళ్ళు అణుయుద్ధాలు చేసుకుని, ఉన్న నీళ్ళన్నీ పోగొట్టుకుని, మూడొందల మందికి లోపే మిగిలారు. మిగిలినవాళ్ళు ఒకణ్ణి భూమికి పంపుతారు. అతను మన టీవీ ప్రసారాలు చూస్తూ ఏళ్ళ తరబడి ఇంగ్లీషు నేర్చుకున్నాడు. మన నడక, మన మర్యాదలు అన్నీ నేర్చుకున్నాడు. థామస్ జెరోమ్ న్యూటన్ అని మనిషి పేరు పెట్టుకున్నాడు. పిల్లి కళ్ళలాంటి తన కళ్ళ మీద మనిషి కళ్ళ అద్దాలు, వేళ్ళకు అంటించుకున్న గోళ్ళు. కెంటకీ రాష్ట్రంలో దిగి, ఒక చిన్న ఊళ్ళో నగల కొట్టుకెళ్ళి బంగారు ఉంగరం అమ్ముతాడు. భూమ్మీద అతని మొదటి సంపాదన అదే. ఆ తర్వాత తన గ్రహపు విజ్ఞానంతో కొత్త కొత్త వస్తువులు కనిపెట్టి, వాటికి పేటెంట్లు తీసుకుని కోటీశ్వరుడవుతాడు. ఆ డబ్బుతో ఓడ కట్టి తనవాళ్ళను ఇక్కడికి తెచ్చుకోవాలి. భూమ్మీది మనుషులు కూడా అణుబాంబులతో తమను తాము చంపుకోకుండా ఆపాలి. వచ్చిన పని అది.

ఇంత గొప్ప పని మీద వచ్చినవాడి ఒళ్ళు చూస్తే, పక్షి ఎముకలు. మన భూమి అతన్ని కిందికి లాగేస్తుంటుంది. ఒక హోటల్లో లిఫ్టు ఎక్కితే ఆ కుదుపుకే కాళ్ళు విరిగి కూలిపోతాడు. డాక్టరును పిలవద్దని బతిమాలతాడు, ఎందుకంటే డాక్టరు చూస్తే తెలిసిపోతుంది. అప్పుడతన్ని ఇంటికి తీసుకెళ్ళి సేవ చేసినావిడ బెట్టీ జో. సర్కారు ఇచ్చే భత్యం మీద బతికే ఒంటరి మనిషి. పిల్లులు పెంచుకుంటుంది, జిన్ తాగుతుంది. ఆవిడ ఒక్క ప్రశ్న కూడా వెయ్యదు. పడిపోయినవాడు కనిపించాడు, లేపింది, అంతే.

రెండోవాడు నేథన్ బ్రైస్. కాలేజీలో కెమిస్ట్రీ చెప్పే ప్రొఫెసరు, భార్య చనిపోయింది, పాఠాల మీద మనసు లేదు. న్యూటన్ కంపెనీ అమ్మే ఫోటో ఫిల్మును పరీక్షించి చూసి, ఇది మనుషులు కనిపెట్టే పని కాదే అని అనుమానపడతాడు. ఆ అనుమానంతోనే కంపెనీలో ఉద్యోగంలో చేరతాడు. మెల్లగా న్యూటన్‌కు దగ్గరవుతాడు. ముగ్గురూ కలిసి కూర్చుని తాగుతుంటారు. ముగ్గురికీ తమవాళ్ళంటూ ఎవరూ లేరు, అదే వాళ్ళ చుట్టరికం.

ఇక్కడ బ్రైస్ ఒక పని చేస్తాడు. న్యూటన్‌కు తెలియకుండా అతనికి ఎక్స్‌రే తీస్తాడు. ఎముకలు చూస్తాడు. మనిషి కాదని తేలిపోతుంది. తర్వాత ఎదురుగా కూర్చుని అడిగితే న్యూటన్ దాచకుండా అంతా చెప్పేస్తాడు.

నేను ఈ చోట పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. అడిగితే చెప్పే మనిషి కదా! మరి దొంగతనంగా ఎక్స్‌రే ఎందుకు?

ఎందుకో మనకు తెలియదా? మనలో ఎంతమందికి ఎక్స్‌రే తియ్యలేదు? పట్నంలో ఇల్లు అద్దెకు అడగబోతే ముందు పేరడుగుతారు. పేరుతో తేలకపోతే ఇంటిపేరు. దాంతోనూ తేలకపోతే ఏ ఊరు, ఊళ్ళో ఎటువైపు, మీ నాన్నగారేం చేస్తారు, మాంసం తింటారా. వేడి వేడి టీ చేతికిచ్చి, నవ్వుతూనే ఎముకల దాకా చూసేస్తారు. న్యూటన్ కళ్ళకు అద్దాలు పెట్టుకున్నట్టు మనవాళ్ళు ఎంతమంది పేర్లు మార్చుకున్నారో, యాస మార్చుకున్నారో, గోడ మీద బాబాసాహెబ్ పటం తీసి పెట్టెలో పెట్టుకున్నారో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బాబాసాహెబే ఆ పని చెయ్యాల్సి వచ్చింది. అమెరికాలో, లండన్‌లో చదివొచ్చి బరోడా సంస్థానంలో ఉద్యోగంలో చేరినప్పుడు ఉండడానికి చోటు దొరకలేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరు రాయించి దిగాడు. మేడ మీద ఆయనొక్కడే. పాత సామాన్లు, గబ్బిలాలు, రాత్రి ఒక గుడ్డి లాంతరు. మాట్లాడే మనిషి లేక పుస్తకాలు చదువుతూ గడిపాడు. పదకొండో రోజున కర్రలు పట్టుకుని పార్సీలు వచ్చారు. ఎవరు నువ్వు అని అడిగారు. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఇద్దరు స్నేహితుల ఇళ్ళు గుర్తొచ్చాయి, ఒకరు హిందువు, ఒకరు క్రైస్తవుడు. ఇద్దరూ ఏవో కారణాలు చెప్పారు. పార్కులో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్ళిపోయాడు. ఈ సంగతులు రాసుకున్న కాగితాలకు ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’ అని పేరు. పుట్టిన దేశంలో వీసా కోసం ఎదురుచూపులు! ఆంథియా నుంచి వచ్చినవాడి కథ మనకెందుకని నవ్వినవాళ్ళు ఇప్పుడు చెప్పండి.

అయితే మనల్ని మనం న్యూటన్ అనుకోవడం తేలిక. బ్రైస్ అనుకోవడమే కష్టం. నా సంగతి చెప్తాను.

పోయిన ఏడు ఒక ఆదివారం మా విహారంలో వందనకు కొత్తతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. వెనకాల చాప చివర కూర్చున్నాడు. త్రిశరణం, పంచశీల అందరితోపాటు చెప్పాడు, పాళీ బాగానే పలికాడు. అయ్యాక టీ ఇచ్చే పని నాది. గ్లాసు అతని చేతికిస్తూ నేనడిగిన మొదటి మాట, ‘ఏ ఊరు తమ్ముడూ?’ రెండో మాట, ‘ఇంటిపేరేంటి?’ ఇంటిపేరు ఎందుకడుగుతామో మీకూ తెలుసు, నాకూ తెలుసు. మాలో ఏ పేటవాడో తేల్చుకుందామని. అతను ఇంటిపేరు చెప్పాడు, టీ తాగాడు, గ్లాసు కడిగి పెట్టాడు. మళ్ళీ ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

మిగతావాళ్ళు ఏదో పనుంటుందిలే అన్నారు. ఉండొచ్చు. నాకు మాత్రం వినయ పిటకంలో జబ్బుపడ్డ భిక్షువు కథ గుర్తొచ్చింది. విరేచనాలు పట్టుకుని తన మలమూత్రాల్లోనే పడి ఉన్న ఒక భిక్షువు దగ్గరికి భగవానుడు, ఆనందుడు వెళ్తారు. భగవానుడు అడిగిన ప్రశ్నలు చూడండి. ఏం జబ్బు? నిన్ను చూసుకునేవాళ్ళు లేరా? ఎందుకు లేరు? నువ్వెవరు, ఎక్కడివాడివి అని అడగలేదు. ఆనందుడు నీళ్ళు తెస్తే భగవానుడు పోశాడు, ఆనందుడు కడిగాడు. తలవైపు ఈయన, కాళ్ళవైపు ఆయన పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. తక్కిన భిక్షువులు ఎందుకు పట్టించుకోలేదయ్యా అంటే, అతనివల్ల వాళ్ళకే ఉపయోగమూ లేదు కాబట్టి. ఇక్కడ మీకు తల్లి లేదు, తండ్రి లేడు, ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారని భగవానుడు వాళ్ళను మందలించాడు.

సరే, అసలేమీ అడగకపోతే స్నేహమైపోతుందా? అదీ కాదు, నవలే ఒప్పుకోదు. బెట్టీ జో ఏమీ అడగలేదన్నాను కదా. ఆవిడ ప్రేమ నిజం. కానీ అతను పక్కనే ఉన్నా ఆవిడకు తెలియలేదు, అతని ఇల్లు ఎంత దూరమో, అక్కడ ఎవరు దాహంతో ఉన్నారో. అడగకపోవడం కూడా ఒక్కోసారి నిర్లక్ష్యమే. తన కథ చెప్పుకోవాలని ఉన్నవాడికి వినేవాళ్ళు లేకపోవడం కంటే పెద్ద ఒంటరితనం ఏముంది? నాకు తోచింది ఇది: తానెవరో చెప్పుకునే హక్కు అతనిది. ఎప్పుడు చెప్పాలో, ఎంత చెప్పాలో అతని ఇష్టం. మన వంతు అతను చెప్పేదాకా పక్కన కూర్చోవడం, చెప్పినప్పుడు వినడం.

బెట్టీ జో ఇంకొకటి కూడా ఇచ్చింది. జిన్ సీసా. చెడు తలపుతో కాదు, తనకు ఓదార్పు అనిపించినదే అతనికీ ఇచ్చింది. పోనుపోను న్యూటన్ పని మరిచి తాగుతాడు. సిగాలోవాద సుత్తంలో స్నేహితుల్లా కనిపించేవాళ్ళు, నిజమైన స్నేహితులు అని విడదీసి చెప్పిన చోట, తాగడానికి తోడొచ్చేవాడు ఏ వైపు ఉన్నాడో చదివి చూసుకోండి. మన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననడం ఊరికే పెట్టింది కాదు. టెవిస్ కూడా తాగుడుకు బానిసై ఏళ్ళు పోగొట్టుకున్నాడు. ఈ నవల తర్వాత ఆయన ఇంకో నవల 1980లో గానీ రాలేదు. చిన్నప్పుడు గుండెజబ్బుతో ఏడాదిపాటు ఆరోగ్యకేంద్రంలో వదిలేస్తే, పదకొండేళ్ళ వయసులో కాలిఫోర్నియా నుంచి కెంటకీకి ఒంటరిగా రైల్లో వెళ్ళిన పిల్లవాడాయన. ఈ నవల వేషం మార్చిన తన కథే అని తర్వాత ఒప్పుకున్నాడు.

చివరికేమవుతుందంటే, ప్రభుత్వం న్యూటన్‌ను పట్టుకుంటుంది. పరీక్షల మీద పరీక్షలు. వదిలేసే ముందు ఇంకొక విభాగంవాళ్ళు వచ్చి కళ్ళకు ఎక్స్‌రే తీస్తామంటారు. వద్దు, నా కళ్ళు తట్టుకోలేవు, నేను మనిషిని కానని అరుస్తాడు. ఇన్నాళ్ళూ దాచిన నిజాన్ని తన నోటితో చెప్తే నమ్మేవాళ్ళు లేరు. తీసేస్తారు. కళ్ళు పోతాయి. బ్రైస్ తీసిన ఎక్స్‌రేతో కళ్ళు పోలేదు నిజమే. కానీ అడగకుండా చూడొచ్చు అనే ఆలోచన రెంటిలోనూ ఒకటే, నాకు వాటిని విడదీయడం చేతకావడం లేదు.

ఏళ్ళ తర్వాత బ్రైస్‌కు దుకాణంలో ఒక గ్రామఫోను రికార్డు కనిపిస్తుంది, ‘ది విజిటర్’ పేరుతో, ఎవరికీ అర్థంకాని భాషలో కవితలు. ఎవరివో అతనికి తెలుసు. వెతుక్కుంటూ వెళ్ళి న్యూయార్క్‌లో ఒక బార్‌లో పట్టుకుంటాడు. గుడ్డివాడై, తాగి, న్యూటన్ కుర్చీలో వణుకుతూ ఏడుస్తుంటాడు. ఈ మనిషికి ఎవరైనా సాయం చెయ్యాలని బార్‌లో పనిచేసేవాడు కనిపెడతాడు. అతనికి ఆంథియా గురించి ఏమీ తెలియదు.

మా విహారానికి వచ్చినతని ఇంటిపేరు నాకింకా గుర్తుంది. అతనుండే చోటు అడగడం మాత్రం మర్చిపోయాను. అందుకే వెతకడం కష్టంగా ఉంది. ఆ రోజు అతను వచ్చిన బస్సు దారిలో రెండు కాలనీలున్నాయి. మొన్న ఒకదానిలో అడిగొచ్చాను, రెండోదానికి ఈ శనివారం వెళ్తాను.