తూము రాళ్లు, రాజుల పేర్లు

రాజవంశాల పట్టీ చరిత్ర కాదనీ, సామాన్యుల బతుకే అసలు చరిత్ర అనీ ఈనాడు దాదాపు అందరూ ఒప్పుకునే మాటలో న్యాయం లేకపోలేదు గానీ, మొయినాబాద్ మండలం ఎనికేపల్లి చెరువు తూములో అమర్చిన రెండు స్తంభాలు ఆ మాటను ఇబ్బందిలో పెడతాయి. 2023లో పురావస్తు పరిశోధకులు గుర్తించిన వీటిలో ఒకటి గ్రానైటు, మరొకటి నల్లరాయి. నాలుగు ముఖాల మీద జైన తీర్థంకరులైన ఆదినాథ, నేమినాథ, పార్శ్వనాథ, మహావీరులు ధ్యానముద్రలో కూర్చుని ఉండగా, పైన కీర్తిముఖాలు ఉన్నాయి. తెలుగు-కన్నడ లిపిలోని శాసనం చాలావరకు గోడలో మరుగున పడగా, పైకి కనిపించిన భాగంలో చిలుకూరు జిన బసది, అనగా జైనుల ఆలయం, ప్రస్తావన ఉంది.

ఈ రాళ్లు 9, 10 శతాబ్దాలవని చెప్పడానికి లిపి తీరు, శిల్పశైలి ఆధారాలు కాగా, ఆ లిపికి కాలం కట్టడానికి తోడ్పడినవి రాష్ట్రకూటుల, వారి సామంతులైన వేములవాడ చాళుక్యుల పేర్లున్న ఇతర శాసనాలే. రాజును తీసివేస్తే బసది ఏ కాలానిదో తేలదు.

అయితే ఆ వంశాలు తమ గురించి చెప్పుకున్నదాన్ని నమ్మేదెలా? గొప్పలు చెప్పుకోవడం ఏ దేశపు రాజులకైనా ఉన్నదే: మాసిడోనియాను ఏలిన అర్గియడ్ వంశీకులు తాము గ్రీకు పురాణ వీరుడు హెరాక్లీస్ సంతతి అన్నారు; పంపకవి ‘విక్రమార్జున విజయం’లో వేములవాడ రెండవ అరికేసరిని అర్జునుడితో ఒకటి చేశాడు. అర్గియడ్ వంశీకుడైన అలెగ్జాండర్ కుమారుణ్ణి చంపడంతో ఆ వంశం అంతరించింది. తరువాత మాసిడోనియాను ఏలిన యాంటిగోనిడ్ వంశం క్రీ.పూ. 168లో పిడ్నా యుద్ధంలో రోమన్ల చేతిలో కూలింది. ఆ వంశపు రాజైన యాంటిగోనస్ గొనాటస్‌ను అశోకుడు తన 13వ శిలాశాసనంలో మరో నలుగురు యవన, అంటే గ్రీకు, రాజులతోపాటు పేర్కొన్నాడు; కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద కూడా ఆ శాసనం ఉంది. ఆ అయిదుగురి పాలనాకాలాలు కలిసిన సంవత్సరాలను బట్టే అశోకుడి కాలం ఇంత కచ్చితంగా తేలింది. పుట్టుక గురించి కట్టుకథలు చెప్పుకున్న రాజులే కాలం విషయంలో నమ్మదగిన సాక్షులయ్యారు.

ఇంత చెప్పినా సందేహం తీరదు. బసదికి నూనె పోసినవారెవరో, స్తంభం చెక్కిన ఉలి ఎవరిదో ఏ వంశావళీ చెప్పదు. రాళ్లను తూముకు వాడినవారు అపచారం చేశారనడానికీ మనసొప్పదు, పొలాలకు నీరు వదిలే కట్టడంలో చేరినందువల్లనే అవి ముక్కలు కాకుండా మిగిలి ఉండవచ్చు.

కాబట్టి చేవెళ్ల, మొయినాబాద్ చెరువుల తూములకు మరమ్మతు చేయించేవారు, పాత రాయిని పగలగొట్టించే ముందు దాన్ని నాలుగు వైపులా తిప్పి చూడాలి.