అపరిగ్రహమూ హార్డ్ డిస్కూ

పతంజలి చెప్పిన అయిదు యమాల్లో చివరిది అపరిగ్రహం. వస్తువుల్ని ఎందుకు వద్దనుకోవాలో వ్యాసభాష్యం చెప్పే కారణాలు చదివితే మా ఇంటి కంప్యూటరు గురించే రాసినట్టుంటుంది: సంపాదించడం, కాపాడుకోవడం, నశించడం, తగులుకోవడం, హింస.

ఫొటోల విషయంలో మొదటిది తేలిక, ఫోను నొక్కితే చాలు. తంటా అంతా రెండోదానితోనే. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలు, ఒకటి ఇంటి బయట, ఇదీ 3-2-1 సూత్రం. నేను పాటిస్తాను. కంప్యూటర్లోని ఎస్‌ఎస్‌డీలో ఒకటి, అలమారలోని హార్డ్ డిస్కులో ఇంకొకటి, కాకినాడలో చెల్లెలి బీరువాలో పట్టుచీరల కింద మూడోది. ఇంత జాగ్రత్త పరిగ్రహం కాదా అని మా బావగారి ఎత్తిపొడుపు.

విరక్తి అంటే అన్నీ డిలీట్ చేయడమని నేననుకోను. '2011-05 అన్నవరం' ఫోల్డరు తెరిస్తే వ్రతపీట ముందు అమ్మ, వరసగా ఇరవై ఫొటోలు. ఒక్కదాంట్లో తప్ప అన్నిట్లోనూ కళ్లు మూసుకునే ఉంది. ఆ పందొమ్మిదీ ఉంచుకోవడం తగులుకోవడమే, తీసేశాను. మిగిలింది ఆస్తి కాదు, ఋణం. ఏటా తద్దినం పెట్టేవాడు జ్ఞాపకాన్ని మూటల లెక్కలో వేయలేడు కదా!

మీరూ ముందు ఆ ఇరవయ్యో ఫొటోను ఏరండి. కొత్త డిస్కు తర్వాత కొనవచ్చు.