గోష్వారాలో విడిచినది

ఇంగ్లీషు భాషలో 'ఆబ్‌స్ట్రాక్టు' అను మాటకు అర్థములు పెక్కు గలవు. పరిశోధకుడు తన వ్యాసమునకు ముందు చేర్చు సంగ్రహము ఆబ్‌స్ట్రాక్టు. దయ, న్యాయము వంటి కంటికి కనబడని గుణముల పేర్లు వ్యాకరణమున ఆబ్‌స్ట్రాక్టు నామములు. 20వ శతాబ్ది తొలి దశకములలో కాండిన్‌స్కీ, మాండ్రియన్ మున్నగువారు మనిషి, చెట్టు, ఇల్లు అను రూపములను విడిచి రంగులతో, రేఖలతో వ్రాసినవి ఆబ్‌స్ట్రాక్టు చిత్రములు. గుమాస్తా పద్దులన్నిటిని కూడి ఒక్క పుటకు దింపిన లెక్కయు ఆబ్‌స్ట్రాక్టే. పాత దఫ్తరములలో దీనినే గోష్వారా అనిరి. మహారాష్ట్రమున ఆ మాట నేటికిని వాడుకలో నున్నది.

ఇన్నిటికిని మూల మొక్కటే. లాటిన్‌లో ఈ పదమునకు లాగి వేరుచేయుట యని అర్థము. కొంత తీసికొని, తక్కినది విడుచుటయే దీని పని. ఈ మాటకు దొంగతనమను ఛాయయు గలదు. 1910 నాటి భారత విద్యుచ్ఛక్తి చట్టము కరెంటును మోసముతో లాగుకొనుటకు ఈ పదమునే వాడి, దానిని దొంగతనముగా ఎంచినది. 2003 నాటి చట్టమునను ఆ పదము నిలిచియున్నది. సంగ్రహమునకును దొంగతనమునకును ఒకే మాట చెల్లుచున్నప్పుడు, విడుచుట ఎప్పుడు వివేకము, ఎప్పుడు దోషము అను ప్రశ్న పుట్టకమానదు.

జైనదర్శనమున దీనికి సమాధానము నయవాదమునందు గలదు. వస్తువు అనంతధర్మాత్మకము. దానినంతను ఒకేసారి పలుకుట మాటకు అలవి కాదు. కనుక ఒక ధర్మమును పట్టుకొని తక్కినవానిని విడువక తప్పదు. సంగ్రహనయము పెక్కింటిని ఒకటిగా చూచును. 'ధాన్యము' అన్నచో వడ్లు, జొన్నలు, రాగులు అందులో నణగును. వ్యవహారనయము వానిని మరల విడదీయును. ధాన్యము కావలెనని వచ్చినవానికి ఏ ధాన్యమో అడుగక తూచి ఇయ్యజాలరు. రెండును నిజమే. విడిచినది అసలే లేదని పట్టుబట్టినప్పుడు మాత్రమే నయము దుర్నయమగును. 'స్యాత్' అను పదము, విడిచినదానికై ఉంచిన చోటు.

ఈ విచారము పండితులకే పరిమితము కాదు. మహావీరస్వామి నిర్వాణదినమైన దీపావళినాడు పాత చిట్టా ఆవర్జాలు ముగించి, కొత్త పుస్తకములకు పూజ చేయు ఇండ్లు అనేకము. గోష్వారాలో 'రావలసిన బాకీలు' అని ఒక వరుస, దాని ఎదుట ఒక మొత్తము ఉండును. అది లేనిదే వర్తకునకు తన స్థితి తెలియదు. కాని కలిగియుండి ఎగవేయువాడును, వానలు లేక పంట పోయినవాడును, మగడు పోయి బిడ్డలతో గడువు కోరు ఇల్లాలును ఆ మొత్తములో ఒకే అంకెయైరి. అంకె తప్పు కాదు. అంకెను మాత్రమే చూచి ముగ్గురికిని ఒకే నోటీసు పంపుట తప్పు.

ముఖము చూచి వ్యాపారము చేసినచో దుకాణము నిలుచునా? ఈ భయము నిజమైనదే. వర్తకుడును ఒకరికి బాకీయే; అతని ముఖము చూడనివారును ఉందురు. అయినను అనేకాంతము బాకీ రద్దు చేయుమనదు. ఇల్లాలు ఇయ్యవలసినది ఇయ్యవలసినదే. ఆమెకు ఎంత గడువు తగునన్నది మాత్రము గోష్వారా చెప్పజాలదు. దానికి ఆవర్జా తిరగవేయవలెను, మనిషితో మాటాడవలెను.

తత్త్వార్థసూత్రము సత్యాణువ్రతమునకు చెప్పిన ఐదు అతిచారములలో న్యాసాపహారమొకటి. దాచుమని సొమ్మిచ్చినవాడు లెక్క మరచి తక్కువ అడిగినచో, 'అంతే' యని తక్కువే ఇచ్చుట ఇందుకు వ్యాఖ్యాతలు చూపు ఉదాహరణము. అడిగినది ఇచ్చితినని అతడు చెప్పుకొనవచ్చును. కాని ఎదుటివానికి తెలియనిది తనకు తెలిసియు విడిచెను. సంగ్రహము దొంగతనముగా మారు చోటు అదియే.

అహింసయు వ్యాకరణమున ఆబ్‌స్ట్రాక్టు నామమే. అంగడిలో దానికి దేహము వచ్చుట ఇట్టి గడువుల యందును, ఇట్టి అప్పగింతల యందునే.