వెలికి గడువేది?

గోదావరి దాపున, మా ఇబ్రహీంపట్నం మండలంల ఒక ఊర్లె నాది కిరాణా దుకాణం. ఊరు ఎవలనన్న వెలేస్తే ఆ తీర్పు మొదలు నా దుకాణంలనే అమలైతది. డప్పు చాటింపు కాంగనె ఆ ఇంటికి ఉప్పు, నూనె బంద్. ఆటోల ఎక్కించుకోరు. మాట్లాడినోళ్లు సుత తప్పు (జరిమానా) కట్టాలె.

జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ పల్లెల్ల ఇట్ల వెలేసే గ్రామాభివృద్ధి కమిటీల బలం ఇక్కడోళ్లకు కొత్తగ చెప్పేది లేదు. శిక్షలు వేసే అధికారం వీటికి ఏ చట్టమూ ఇయ్యలే. అయినా ఓట్లతోని గెలిచిన సర్పంచే వీళ్లకు ఎదురు మాట్లాడడు. గుళ్లు కట్టిండ్రు, బోర్లు ఏయించిండ్రు, కాదనను. తాగి ఆడోళ్లను తిట్టే పోరగాణ్ని, రాత్రి మోటరు వైరు కోసుకపోయెటోణ్ని ముందుగాల నిలదీసేది సుత వీళ్లే. అసోంటోణ్ని ఊరికెనే వదిలెయ్యాల్నా అంటే నేను సుత వద్దంట. మరి ఏం చెయ్యాలె? నా లెక్కల ఇది ధర్మానికి సంబంధించిన ప్రశ్న.

గోదావరి దిక్కు నిర్మల్ జిల్లాల బాదనకుర్తి ఉన్నది. బుద్ధుణ్ని ప్రశ్నలడగమని 16 మంది శిష్యులను పంపిన బావరి ఆశ్రమం అక్కడనే ఉండెనని ఇక్కడోళ్లు చెప్పుకుంటరు. నేను పట్టుకున్న జవాబు సుత బుద్ధుని కథలనే ఉన్నది.

ఛన్నుడు సిద్ధార్థునికి రథం తోలినోడు. సన్న్యాసం తీసుకున్నంక గూడ ఆ గర్వం పోలే, తోటి భిక్షువులను తిడుతుండె. కుశినగరంల చివరి గడియల్ల బుద్ధుడు ఆనందునితోని చెప్పిండు: ఛన్నునికి బ్రహ్మదండం వెయ్యుండ్రి, అతను ఏమన్నా అననీయుండ్రి, మీరు మాత్రం మాట్లాడొద్దు, బుద్ధి చెప్పొద్దు. కౌశాంబికి పోయి ఆనందుడు ఆ మాట చెప్పంగనె ఛన్నుడు మూర్ఛపోయిండు. తర్వాత ఒంటరిగ సాధన చేసి, విముక్తి పొంది అర్హతుడైండు. దండం ఎత్తెయ్యమని వస్తే, నువ్వు మారిన గడియనే అది పోయిందని ఆనందుడు జవాబిచ్చిండు.

అంటే వెలి బుద్ధుడూ వేసిండు! గని ఆ వెలికి, మా ఊరి వెలికి పోలికేది? అక్కడ తప్పు చేసిన ఒక్కనికే శిక్ష. అన్నం బంద్ పెట్టమనలే. పైసలు అడగలే. మారితే అదే పోయింది. మా దగ్గర కొడుకు గొడవ చేస్తే బీడీలు చుట్టే తల్లికి, బడికి పోయే చెల్లెకు సుత వెలి. మనిషి మారిండా అని అడిగేటోడు లేడు, తప్పు కట్టిండా అనే అడుగుతరు. పైసలతోని తీరే శిక్ష ధర్మమెట్లయితది? ఉన్నోడు కట్టి మళ్ల తాగుతడు, లేనోడు ఊరిడిచి పోతడు.

ఇగ చట్టం సంగతి చూస్తే, మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ మీద చట్టం తెచ్చింది, 2017ల అమలుకచ్చింది. మూడేండ్ల దాక జైలు, లక్ష రూపాయల దాక జరిమానా. దళితులను, గిరిజనులను వెలేస్తే దేశమంతట అట్రాసిటీ చట్టం కింద నేరమే.

ఇంకో సంగతి. మా దిక్కు చాలా ఊర్లల్ల బెల్టు షాపును వేలం పాడేది సుత ఈ కమిటీలే. ఆ పైసలతోని గుడికి రంగులేస్తరు, ఆ మందు తాగి ఒర్రినోనికి తప్పు ఏస్తరు. పెద్దలారా, తాగి మీదికొచ్చినోణ్ని ఠాణాల అప్పజెప్పుండ్రి, వాని ఇంటోళ్ల జోలికి పోకుండ్రి. అంతకన్నా ముందు ఆ వేలం బంద్ చెయ్యుండ్రి.