మిగిలిన నెయ్యి

వ్యాపారం పెరిగితే సరుకు నాసిరకమవుతుందని అందరూ అంటారు. కాదనను. కానీ సరిగ్గా ఎక్కడ చెడుతుందన్నది నన్ను చాలాకాలంగా తొలుస్తోంది. పని కష్టమైన చోటే చెడుతుందని మామూలుగా అనుకుంటాం. ఆత్రేయపురం పూతరేకుల సంగతి చూస్తే నాకు అదంతా తలకిందులుగా కనిపిస్తుంది.

పూతరేకులో కష్టమంతా రేకు తీయడంలోనే ఉంది. నానిన బియ్యాన్ని మెత్తగా రుబ్బి, బాగా పలచన చేస్తారు. బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకులు ఎగదోస్తూ, పిండినీళ్ళలో ముంచిన గుడ్డని కుండ మీద ఒక్క ఊపున లాగుతారు. రెప్పపాటులో రేకు లేస్తుంది. మంట పిసరంత ఎక్కువైతే మాడుతుంది, తగ్గితే ఊడిరాదు. అలాంటి పనికి చెయ్యి తిరగడమంటే మాటలు కాదు. అయినా ఆర్డర్లు పెరిగాయని రేకు పాడవడం నేను పెద్దగా చూడలేదు. అది అబద్ధమాడలేదు మరి. మందమైతే కంటికి తెలిసిపోతుంది, చిరిగితే చుట్టడానికి పనికిరాదు. తీసే చేతులు చాలకపోతే వ్యాపారం దానంతటదే ఆగుతుంది.

నెయ్యి దగ్గర అలా ఆగదు. రేకు మీద నెయ్యి రాయడానికి ఏ విద్యా అక్కర్లేదు. అంచులదాకా రాయకుండా మధ్యలో ఓ పూత పూసి, పంచదార పొడి చల్లి మడిచేసినా పైకి అంతా ఒకటే. పావు చెంచా తగ్గితే తిన్నవాడికి తెలియదు. కొన్నాళ్ళకి ఇంకో పావు తగ్గినా తెలియదు. రోజూ రుచి చూసే యజమాని నాలుక కూడా దాంతోపాటే దిగుతుంది, అదీ అసలు చిక్కు. (జీడిపప్పు పలుకులు మరీ దండిగా కనిపిస్తే నాకు లోపలి నెయ్యి మీదే అనుమానం వస్తుంది. చాక్లెట్ పూతరేకుల గురించి అడక్కండి.)

ఆత్రేయపురంలో పూతరేకుల కొట్టు నడిపే ఆవిడ ఒకరు నాకు పిన్ని వరస. రోజూ కొట్టు కట్టేసేముందు నెయ్యి డబ్బా తూస్తుంది. ఇన్ని రేకులు చుట్టాం కాబట్టి ఇంత నెయ్యి పోయుండాలి అని లెక్క.

"దొంగలెవరైనా ఉన్నారా పిన్నీ?" అన్నాను ఒకసారి.

"ఎక్కువ ఖర్చైతే నేనెందుకు చూస్తానురా? మిగిలితేనే భయం. ఏ పెట్టెలోనో రేకులు ఎండుగా వెళ్ళిపోయాయన్నమాట."

లెక్కలు చూసేవాళ్ళెవరైనా ఖర్చు పెరిగితే ఉలిక్కిపడతారు. ఈవిడ ఖర్చు తగ్గితే ఉలిక్కిపడుతుంది. అలాగని నెయ్యి రాసే అమ్మాయిని కేకలెయ్యదు. వందకి ఇంతని కూలి కట్టేరోజుల్లో నెయ్యి తెగ మిగిలేదట. అంచులదాకా రాస్తూ కూర్చుంటే ఆ పిల్లకి కూలి గిట్టదు కదా! రోజుకూలికి మార్చాక మిగలడం తగ్గిందంటుంది. తన చేత్తో చేసుకున్నంతకాలం నాణ్యత మనిషి గుణం. పదిమంది చేత చేయించడం మొదలుపెట్టాక అదొక ఏర్పాటు. గుణాన్ని కూలిచ్చి తెచ్చుకోలేం, ఏర్పాటు మాత్రం మన చేతిలో ఉంటుంది. ఎదుగుతున్న వ్యాపారుల్లో చాలామంది ఈ తేడా దగ్గరే బోల్తాపడతారని నా అనుమానం. వాళ్ళేమీ చెడ్డవాళ్ళు కారు, తమ గుణం పనివాళ్ళకి గాలిలో సోకుతుందనుకుంటారు, అంతే.

లిజ్జత్ అప్పడాల కథ ఇక్కడ గుర్తొస్తుంది. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు ఆడవాళ్ళు 80 రూపాయలు అప్పు తెచ్చి మొదలుపెట్టారు. మొదట్లో రెండు రకాలు చేసి, నాసిరకాన్ని చవగ్గా అమ్మేవారు. ఛగన్‌బాపా అనే పెద్దాయన, ఒకటే రకం చెయ్యండి, దాంట్లో రాజీపడకండి అన్నాడు. తొలి ఏడాది వానల్లో అప్పడాలు ఎండక నాలుగు నెలలు పనే ఆపేశారు. మరుసటేడు మంచం మీద అప్పడాలు పరచి, కింద పొయ్యి పెట్టి ఎండబెట్టారు. తర్వాత వేలమంది చేరినా పిండి కలపడం మాత్రం కేంద్రంలోనే. ఇంటికి తీసుకెళ్ళి ఒత్తుకురావడం సభ్యుల పని. రుచిని ఒక్కచోట పట్టుకుని చేతుల్ని ఎన్ని ఇళ్ళకైనా పోనిచ్చారు. ఆత్రేయపురంలోనూ రేకు చాలా ఇళ్ళలో పుడుతుంది, రుచి చుట్టేచోట పడుతుంది. కాపలా అక్కడే కావాలి.

2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. అయితే అది కాపాడేది పేరుని. డబ్బాలో ఎంత నెయ్యి మిగిలిందో ఆ కాగితం వచ్చి తూచదు.

ఇప్పుడు పిన్ని కొడుకు రావులపాలెంలో, హైవే పక్కన రెండో కొట్టు పెడదామంటున్నాడు. కార్లు ఆగేచోటు, బేరం బాగుంటుంది. "అక్కడ డబ్బా ఎవరు తూస్తారో చెప్పు, రేపే అడ్వాన్సు ఇస్తాను" అంటుంది పిన్ని. ఆ మనిషిని వెతికేలోపు చోటు ఇంకొకళ్ళు ఎగరేసుకుపోతారని వాడి బాధ. నన్నడిగితే ఇద్దరి మాటా సబబుగానే ఉంది. నెయ్యి ధర చూస్తే మాత్రం, బేరం పెంచుకోవాలన్న వాడి తొందరే ఎక్కువ అర్థమవుతోంది.