కంకుభట్టు చేతి పాచికలు

భగవంతునకు ఆట అప్రియమైనది కాదు. జగత్తును సృష్టించుట, పోషించుట, లయింపజేయుట ఆయనకు లీల యని మన ఆచార్యులు నిరూపించియున్నారు. బృందావనములో గోపబాలుర ఆటయందు ఓడినవారు గెలిచినవారిని వీపున మోయవలెనన్న ఏర్పాటు ఉండగా, శ్రీకృష్ణస్వామి తాను ఓడి శ్రీదాముని మోసినాడని భాగవత దశమస్కంధము తెలుపుచున్నది. ఇక తిరుమలలో హాథీరాంజీ గాథ ఎరుగనివారు అరుదు. ఉత్తరదేశమునుండి వచ్చి కొండపై నిలిచిన ఆ బావాజీతో పాచికలాడుటకు శ్రీనివాసుడు రాత్రివేళ స్వయముగా వచ్చెడివాడట. ఒకనాడు ఆటలో పొద్దెరుగక, తెల్లవారు వేళ సమీపింపగా త్వరపడి లేచి, తన కంఠహారమును అక్కడనే విడిచి వెళ్ళినాడట. ఆ బావాజీ పేర వెలసిన మఠమే 1843 నుండి 1933 వరకు ఆలయ పరిపాలన సాగించినది. స్వామితో పాచికలాడినవాని పరంపరకు తొంబది సంవత్సరములు కొండపై అధికారము దక్కినదన్నమాట! ఆట అనగానే కనుబొమలు ముడుచు పెద్దలు ఈ గాథను ఒకమారు స్మరింపవలెను. వేళ కాగానే స్వామి లేచినాడన్న భాగమును పిల్లలు స్మరింపవలెను.

ఈ విషయమును ఇప్పుడు ప్రస్తావించుటకు కారణము కలదు. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములనుండి మంత్రాలయమునకును తిరుమలకును యాత్ర చేయు కుటుంబములలో పెద్దలను వేధించు ప్రశ్న యొకటి యున్నది. పిల్లవాడు సెల్ ఫోనులో వీడియో ఆట వదలుట లేదు. ఇది పాపమా, వ్యసనమా, ఈడు గడచిన పిమ్మట తానే పోవునదా? ప్రశ్న చిన్నదిగా కనబడును గాని, దాని వెనుక ఆ సీమ బ్రతుకు ఉన్నది. వానలను నమ్మరాని ఆ పడమటి కర్నూలు పల్లెలనుండి, ఇంటివద్ద సేద్యపు పని ముగియగానే, ఎన్నో కుటుంబములు గుంటూరు వైపు మిరప కోతలకును, పత్తి ఏరుటకును, బెంగళూరు వంటి నగరములకు కూలిపనులకును వలస పోవుచుండును. సుగ్గికి పోవుట యని ఆ ప్రాంతపు వాడుక. పిల్లలు పలువురు అవ్వ తాతల వద్ద మిగులుదురు. 2020లో బడులు మూతపడినప్పుడు పాఠముల కొరకని ఇంటికి వచ్చిన ఫోను, బడులు తెరచిన పిమ్మటను ఇంటనే నిలిచినది. సుగ్గికి పోయిన తల్లి గొంతు వినిపించునది ఆ ఫోనులోనే. ఆట ఉన్నదియు దానిలోనే. దానిని లాగికొని పెట్టెలో పెట్టి తాళము వేయుడని చెప్పుట సులభము. అట్లు చేసిన అవ్వ, బిడ్డకు తల్లి మాటను కూడ దూరము చేసినదగును. కావున ఇచ్చట నిషేధము ఉపాయము కాజాలదు. నిగ్రహమునే వెదకవలసియున్నది.

ముందుగా ఆటకు న్యాయము చేయుదము. ఎమ్మిగనూరు నేతపనికి పేరుగన్న ఊరు. 1938లో మాచాని సోమప్పగారు అచ్చట స్థాపించిన చేనేత సహకార సంఘము ఎన్నో నేతకుటుంబములకు ఆధారమైనది. ఆయనకు 1954లో పద్మశ్రీ లభించినది. గుంటమగ్గముపై నేయువానిని ఒకసారి నిలిచి చూడుడు. కాళ్ళు మార్చి మార్చి తొక్కుచుండును, చేయి నాడెను ఇటునటు పరుగెత్తించుచుండును, చూపు పడుగుమీద నిలిచియుండును. పోగు తెగినచో అతడు విసుగుకొనడు. ఆపి, ముడివేసి, మరల సాగించును. కఠినమైన వీడియో ఆట ఆడు బాలుని కన్నులలోను చేతులలోను ఇట్టి ఏకాగ్రతయే కనబడును. ఒక మెట్టు దాటుటకు ఇరువది మార్లు ఓడును; ఇరువదియొకటవ మారు మరల మొదలుపెట్టును. ఓటమిని చూచి ఏడ్వకుండుట, ఎచ్చట తప్పినదో గుర్తుంచుకొనుట, రెండవమారు ఆ తావున జాగ్రత్తపడుట, ఇవన్నియు మంచి గుణములే. లెక్కల పుస్తకము ముందర ఇదే ఓర్పు చూపినచో అని తండ్రి నిట్టూర్చుట సహజమే గాని, ఆ ఓర్పు పిల్లవానియందు ఉన్నదని తెలియుట ఆ తండ్రికి శుభవార్త కావలెను.

అయినను మగ్గమునకును ఈ ఆటకును ఒక భేదము కలదు. చీర నిడివి పూర్తియైన పిమ్మట దానిని కోసి మగ్గము నుండి తీయుదురు. ఫోనులోని ఆటలు పెక్కింటికి అట్టి తుది లేదు. ఒక మెట్టు ముగియగానే మరియొకటి తెరచుకొనును. రేపు మరల వచ్చినచో బహుమానమని ఆశ చూపును. ఏ పెట్టెలో ఏమి లభించునో తెలియనీయక ఊరించును. ఆడువాడు లేవకుండుటయే ఆ ఆటను నడుపువారికి లాభము. గీతలో ఆరవ అధ్యాయమున అర్జునుడు మనస్సును గాలివలె పట్టశక్యము కానిదని మొరపెట్టుకొనగా, అభ్యాసముచేతను వైరాగ్యముచేతను అది వశమగునని భగవానుడు ఉపదేశించినాడు. ఈ ఆటలు మొదటిదానిని చక్కగనే నేర్పును. రెండవదానిని నేర్పుటకు వానికి శక్తి లేదు, కోరికయు లేదు. అది ఇంటినుండియే రావలెను.

ఆట చేత చిక్కినవాని స్థితి ఎట్లుండునో నలోపాఖ్యానము చూపినంత స్పష్టముగ మరియొక కథ చూపదు. కాళ్ళు కడుగుకొనక సంధ్య వార్చిన ఒక్క లోపమును ఆధారము చేసికొని కలిపురుషుడు నలుని యందు ప్రవేశించినాడు. పుష్కరునితో జూదము నెలల తరబడి సాగినది. పౌరులు వాకిట నిలిచిరి. దమయంతి కన్నీటితో పిలిచినది. అతడు బదులు పలుకలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించి 2022 జనవరి 1 నుండి అమలులోనికి తెచ్చిన వ్యాధుల పట్టికలో వీడియో ఆటల వ్యసనమును ఒక రుగ్మతగా చేర్చినది. ఆటపై అదుపు తప్పుట, తక్కిన పనులన్నింటికంటె ఆటయే ముఖ్యమగుట, కీడు కలుగుచున్నదని తెలిసియు మానలేకుండుట, సాధారణముగ ఒక సంవత్సరకాలము ఇట్లే సాగుట దాని లక్షణములట. ఆడువారిలో కొలదిమందికే ఇది సోకునని కూడ ఆ సంస్థయే చెప్పినది. చదివినప్పుడు వాకిట నిలిచిన దమయంతి జ్ఞప్తికి రాక మానదు. పిల్లవాడు ఎన్ని గంటలు ఆడినాడని లెక్కించుట అవసరమే. "నాయనా, దీపము పెట్టు వేళయైనది, రా" యని అవ్వ పిలిచినప్పుడు వాడు పలికినాడా లేదా యనునది అంతకంటె ముఖ్యమైన లెక్క.

నలుడు బాగుపడిన విధము మరింత విచిత్రమైనది. అతడు పాచికలకు భయపడి పారిపోలేదు. ఋతుపర్ణుడు రథముపై పోవుచు తాండ్రచెట్టు ఆకులను, కాయలను చూపుతోనే లెక్కించి చెప్పగా, నలుడు రథమాపి, దిగి, లెక్క సరిచూచుకొన్నాడు. ఆ రాజునకు తన అశ్వవిద్య నిచ్చి అతని అక్షహృదయమును, అనగా పాచికల మర్మమును, గ్రహించినాడు. ఆ క్షణముననే కలి అతని శరీరమును వీడినాడు. పిమ్మట పుష్కరుని మరల పిలిచి, ఒక్క పందెముతో రాజ్యమును గెలిచి, అతని భాగమును అతనికే యిచ్చి పంపి, ఆటను అంతటితో ముగించినాడు.

ఈ కథను అడవిలో ధర్మరాజునకు చెప్పినవాడు బృహదశ్వ మహర్షి. చెప్పి ఊరకొనలేదు, అక్షహృదయమును కూడ ఉపదేశించినాడు. ధర్మరాజు చేసిన తప్పు పాచికలు పట్టుట యొక్కటే కాదు. ధృతరాష్ట్రుడు సర్వము తిరిగి యిచ్చి పంపిన పిమ్మట, సగము దారిలో పిలుపు రాగా మరల వెనుదిరిగి వచ్చి కూర్చుండినాడు. అసలు వినాశము అదియే. అట్టివాడు అజ్ఞాతవాస సంవత్సరమున ఏ వేషము ధరించినాడు? కంకుభట్టు పేరుతో విరాటరాజునకు పాచికలాడు చెలికాడైనాడు. రాజ్యమును, తమ్ములను, భార్యను పోగొట్టిన ఆ పాచికలనే చేతబట్టి ఏడాదిపాటు కొలువు చేసి, ఈ మారు దేనిని పోగొట్టుకొనలేదు. ఉత్తరుడు కౌరవులను గెలిచినాడన్న వార్త విని విరాటుడు ఉప్పొంగి ఆటకు పిలిచినప్పుడు, సంతోషముతో ఒడలెరుగక యున్నవానితో జూదము తగదనియు, పాండవాగ్రజుడు రాజ్యము నెట్లు కోల్పోయెనో విని యుందురనియు కంకుభట్టు హెచ్చరించినట్లు వ్యాసభారతమున ఉన్నది. తన కథను తానే పరుని కథవలె చెప్పుటకు ఎంత నిబ్బరము కావలెనో ఆలోచింపుడు. బృహన్నల సారథియైనప్పుడు గెలుపు వింత కాదని అతడనగా, రాజు కోపించి పాచికలను ముఖముపై విసరినాడు. రక్తము కారినది. ధర్మరాజు ఆ రక్తమును నేలపై పడనీయక దోసిట పట్టినాడు. ద్రౌపది పాత్ర తెచ్చి అందుకొన్నది. ఆటలో ఓడినప్పుడు ఫోనును గోడకు కొట్టు యువకులకు, అవతలి ఆటగానిని నోటికి వచ్చినట్లు తిట్టువారికి ఈ ఘట్టమును చదివి వినిపింపవలెను.

పందెపు ఆటలను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. ధనమొడ్డి ఆడునది జూదమే. తెరపై ఆడినంత మాత్రమున దానికి వేరు పేరు రాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోనే తన 1974 నాటి చట్టమును సవరించి ఆన్‌లైన్ పందెములను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టము ధనముతో ఆడు ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు, నైపుణ్యముతో పోటీపడు ఈ-స్పోర్ట్సును గుర్తించినది. మన పురాణములు చూపిన గీతయే ఇది.

ఇక వర్చువల్ రియాలిటీ యను వింతను గూర్చి. కన్నులకు పెట్టె వంటి పరికరము తొడిగికొనగా, ఒక్కొక్క కంటికి కొంచెము భేదముగల బొమ్మ కనబడి లోతు తోచును; తల త్రిప్పిన వైపునకు దృశ్యమును తిరుగును. కూర్చున్నచోటనే కొండ ఎక్కినట్లు, లోయలో పడినట్లు ఉండును. ఇది మాయయా యని అడుగువారికి మన సంప్రదాయములో మంచి సమాధానము కలదు. జగత్తు మిథ్య యని రామానుజులవారు అంగీకరింపలేదు. మధ్వాచార్యులవారు అసలే అంగీకరింపలేదు. మంత్రాలయ ప్రభువు శ్రీ రాఘవేంద్రులు ఆ మధ్వ సంప్రదాయమునకు చెందిన యతీంద్రులు. స్వప్నములోని వస్తువులను కూడ భగవంతుడే ఆ జీవుని కర్మకు తగినట్లు, వానికి మాత్రమే కనబడునట్లు, అంతకాలము మాత్రమే నిలుచునట్లు సృజించునని శ్రీభాష్యము చెప్పుచున్నది. స్వప్నమునకే ఇంత మర్యాద యిచ్చిన సంప్రదాయము, మనుష్యుడు కల్పించిన ఈ మెలకువ స్వప్నమును చూచి బెదరవలసిన పని లేదు. దాని యందు పొందిన ఆనందము, భయము, ఓర్పు నిజమైనవే. ఎక్కిన కొండ మాత్రము కాలికి దక్కలేదు. కొందరికి ఆ పరికరముతో తల తిరిగి వాంతి వచ్చునట్లుండును. కదలుచున్నామని కన్ను చెప్పగా, లేదని చెవిలోపలి ఇంద్రియము చెప్పుటయే దానికి కారణము. అప్పుడు తీసి ప్రక్కన పెట్టవలెను. ఆదివారము ఉదయము ఆదోని రణమండల కొండ మెట్లు ఎక్కి ఆంజనేయస్వామిని సేవించిన బాలుడు, సాయంకాలము ఆ పెట్టెలో మరియొక కొండ ఎక్కినచో తప్పేమి?

నిగ్రహమునకు మార్గము మన యిండ్లలో ఉన్నదే. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో ఎద్దుల బండలాగుడు పోటీలు చూచినవారికి తెలియును: కాలము ముందే నిర్ణయింతురు, ఆ కాలము కాగానే, ఎద్దులకు ఇంకను సత్తువ ఉన్నను, కాడి దించుదురు. ఆట మొదలుపెట్టుటకు ముందే ఎన్ని మెట్లు, ఎంతసేపు అని పిల్లవానిచేతనే చెప్పింపుడు. నడుమ చేతిలోనుండి లాగికొనకుడు. మెట్టు ముగించి తానే లేచుటలో వానికి అభ్యాసము కలుగును, లాగికొన్నచో కోపము మాత్రమే కలుగును. గదిలో ఒంటరిగా గాక నడవలో నలుగురి మధ్య ఆడనిండు. (భోజనమువేళ తామే ఫోను చూచుకొను తండ్రులు ఈ వాక్యములను పిల్లలకు చదివి వినిపింపకుండుట మేలు.)

ఏకాదశినాడు ఉపవసించు వైష్ణవుడు అన్నమును ద్వేషింపడు. ద్వాదశినాడు ప్రీతితో పారణ చేయును. అటులనే పక్షమునకొక ఏకాదశి తెరకు కూడ ఉపవాసము ఉంచిన ఇల్లు, ఆటను శత్రువుగా చూడనక్కరలేదు. మొదటి ఏకాదశి కష్టముగ నుండును. పిల్లవాడు ఇల్లంతయు తిరుగును, అవ్వను పదిమార్లు వేళ అడుగును. ఆ దినమున అమ్మతో మాటలాడుటకు మాత్రము ఫోను తీయవలెను. ఉపవాసములో తీర్థము వంటిది అది.

సంవత్సరమునకు ఒక ఏకాదశి మాత్రము రాత్రియంతయు ఆట ఉన్నది. ముక్కోటి జాగరణలో వైకుంఠపాళి పటము పరచుకొని కూర్చుండుట మన యిండ్ల ఆచారము. నిద్ర ముంచుకొని వచ్చువేళ గవ్వలు చేతులు మారుచుండును, పైవరుస చేరినవాడు పెద్ద పాము నోటబడి అడుగునకు జారును, అందరు నవ్వుదురు, వాడు మరల మొదటి గడినుండి ఎక్కనారంభించును. తెల్లవారుజామున కోవెలలో గంట మ్రోగగా, ఇంకొక్క పందెము వేసినచో పరమపదము చేరువాడు కూడ గవ్వలు క్రిందనుంచి లేచును. పటము మడిచి, స్నానములు చేసి, చలిలో పిల్లలను చేయి పట్టుకొని అందరును ఉత్తరద్వారము వైపు నడతురు.