నిద్ర పట్టని రాజు: ధృతరాష్ట్రుడు, జాన్సన్, ఒక ధర్మసందేహం

 

ఈ వారం వీడియోలో ఉద్యోగపర్వంలోని ప్రజాగర ఘట్టం చెప్పుకున్నాం కదా. ప్రజాగరం అంటే నిద్ర లేకుండా మేలుకొని ఉండటం. పాండవుల దగ్గర్నుంచి తిరిగొచ్చిన సంజయుడు, వాళ్ళేమన్నారో రేపు సభలో చెప్తానని వెళ్ళిపోయాడు. ఇక ధృతరాష్ట్రుడికి కునుకు పడితే ఒట్టు. విదురుణ్ణి పిలిపించుకుని రాత్రంతా నీతి విన్నాడు. చివరికి ఏమన్నాడు? నువ్వు చెప్పిందే నిజం, నా మనసూ అటే మొగ్గుతోంది, కానీ దుర్యోధనుడు ఎదురుపడగానే నా బుద్ధి మళ్ళీ తిరిగిపోతుంది అన్నాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు ఒక అమెరికా అధ్యక్షుడు గుర్తొస్తాడు. వీడియోలో చెప్పడానికి సమయం చాల్లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆయన లిండన్ జాన్సన్. వియత్నాం యుద్ధాన్ని పెద్దది చేసినవాడు. అలాగని దుర్మార్గుడని కొట్టిపారేయలేం. నల్లజాతివారికి సమాన హక్కులిచ్చిన 1964 చట్టం, వాళ్ళ ఓటుకు రక్షణ ఇచ్చిన 1965 చట్టం ఆయన హయాంలోవే. 1965 అక్టోబర్‌లో వలస చట్టాన్ని మార్చి మన దేశం లాంటి దేశాల వాళ్ళకు తలుపు తీసిందీ ఆయనే. ఈరోజు అమెరికాలో ఇన్ని తెలుగు కుటుంబాలు ఉన్నాయంటే ఆ సంతకానికి అందులో వాటా ఉంది.

మరి తప్పెక్కడ జరిగింది?

ఆయన ఫోన్ సంభాషణలు రికార్డయ్యేవి. దశాబ్దాల తర్వాత అవి బయటికొచ్చాయి. 1964 మే 27న తన భద్రతా సలహాదారు మెక్‌జార్జ్ బండీతో మాట్లాడుతూ, ఈ యుద్ధం చేయదగ్గది కాదనిపిస్తోంది, అలాగని బయటపడే దారీ కనిపించడం లేదు అని వాపోయాడు. ఆ ఉదయం తనకు బట్టలు తీసిపెడుతున్న ఒక సార్జెంటును చూశాడట. అతనికి ఆరుగురు పిల్లలు. ఇలాంటివాళ్ళని నేను అక్కడికి ఎందుకు పంపాలి, వియత్నాం నాకు ఏపాటిది అని తనను తానే ప్రశ్నించుకున్నాడు.

చూడండి, ఎంత ధర్మమైన ప్రశ్నో! కానీ ఆ ప్రశ్న ఫోన్ దాటి బయటికి రాలేదు. ఆ ఏడాది ఎన్నికల సభల్లో, ఆసియా వాళ్ళు చేసుకోవాల్సిన యుద్ధానికి మన పిల్లల్ని పంపను అని చెప్పి గెలిచాడు. 1965 మార్చిలో మొదటి మెరైన్ దళాలు దా నాంగ్ తీరంలో దిగాయి. జులై 28న, అక్కడున్న 75 వేల సైన్యాన్ని 1 లక్షా 25 వేలకు పెంచుతున్నామని ప్రకటించాడు. ఇంకా అవసరమైతే పంపుతాం అని ఒక మాట కలిపాడు గానీ, ఏడాది చివరికల్లా 1 లక్షా 75 వేల దాకా పంపాలన్న లెక్క అప్పటికే లోపల సిద్ధంగా ఉంది. అది జనానికి చెప్పలేదు.

విదురుడు లేడా అంటే ఉన్నాడు. విదేశాంగ శాఖలో జార్జ్ బాల్ అనే అధికారి అదే జులైలో రాసిచ్చాడు: ఇది గెలిచే యుద్ధం కాదు, ఒకసారి మనవాళ్ళ రక్తం పెద్దఎత్తున చిందాక వెనక్కి రావడం ఇంకా కష్టమవుతుంది అని. జాన్సన్ శ్రద్ధగా విన్నాడు, పక్కన పెట్టాడు. ధృతరాష్ట్రుడిది పుత్రవ్యామోహం. ఈయనది పేరు మీద వ్యామోహం. వియత్నాంను పోగొట్టిన అధ్యక్షుడు అనిపించుకుంటానేమో, ఆ దెబ్బకి తను తెచ్చిన మంచి పథకాలు కూడా మూలపడతాయేమో అన్న భయం.

ఇక యుద్ధవ్యూహం సంగతి. ఊళ్ళు, భూములు గెలిచి నిలబెట్టుకోవడం కాదు, శత్రువు కొత్తవాళ్ళని తెచ్చుకునే వేగం కంటే ఎక్కువ వేగంగా చంపుతూ పోవడం. అందుకే రోజూ శవాల లెక్క. ఎన్ని శవాలైతే అంత గెలుపు! స్త్రీపర్వంలో గాంధారి చేసినదానికి ఇది పూర్తిగా వ్యతిరేకం. ఆమె లెక్క అడగలేదు. దివ్యదృష్టితో ఒక్కొక్క ముఖాన్నీ చూసింది, పక్కన ఏడుస్తున్న ఒక్కొక్క భార్యనీ చూసింది.

1968 జనవరి చివర్లో టెట్ దాడులొచ్చాయి. ఇంకో 2 లక్షల పైచిలుకు సైన్యం కావాలని సేనాధిపతులు అడిగారు. మార్చి 31న జాన్సన్ టీవీలో కనిపించి, మళ్ళీ పోటీ చేయనన్నాడు. ఆ ఒక్క ఏడాదే 16 వేల మందికి పైగా అమెరికా సైనికులు పోయారు. యుద్ధం మొత్తంలో 58 వేల పైచిలుకు. వియత్నాం వాళ్ళు లక్షల్లో పోయారు. ఆ రోజుల్లో జాన్సన్ కూడా అర్ధరాత్రి దాటాక లేచి, యుద్ధ సమాచారం వచ్చే గదికి వెళ్ళి ఎవరెవరు తిరిగొచ్చారని అడిగేవాడట. అదీ ప్రజాగరమే.

ఇక్కడ మీలో కొందరికి ఒక సందేహం రావచ్చు. సందేహం లేని నాయకుడు ఉంటాడా? రాజే సందేహపడితే సైన్యం ధైర్యం జావగారిపోదా? న్యాయమైన ప్రశ్నే.

సందేహం పాపం కాదండి. అర్జునుడికీ వచ్చింది. కానీ అతను దాన్ని ఎక్కడ పెట్టాడు? రెండు సైన్యాల మధ్య, పట్టపగలు, తన మాట వినగల పరమాత్మ ముందు. గాండీవం కింద పెట్టి మరీ అడిగాడు. జవాబు దొరికాకే బాణం ఎత్తాడు. దానికి ముందే కృష్ణుడు రాయబారం వెళ్ళాడు, అయిదూళ్ళిచ్చినా చాలన్నంత దాకా బేరం దిగింది. అన్ని తలుపులూ తట్టాకే కురుక్షేత్రం. ధృతరాష్ట్రుడి సందేహం మాత్రం రాత్రిపూట అంతఃపురం దాటలేదు. తెల్లారితే మళ్ళీ సింహాసనం మీద మౌనమే.

దుర్యోధనుడి సంగతి చూడండి. సూదిమొన మోపినంత నేల కూడా ఇవ్వనని సభలో బాహాటంగా చెప్పాడు. అది అధర్మమే. కానీ అతని వెంట వెళ్ళినవాడికి దేనికోసం చస్తున్నాడో తెలుసు. తప్పని తెలిసీ, తెలియనట్టు నటించి పంపేవాడి చేతిలో చచ్చేవాడికి ఆ మాత్రం గౌరవం కూడా దక్కదు. అందుకే నా దృష్టిలో దుర్యోధనుడి మొండితనం కంటే ధృతరాష్ట్రుడి మౌనం బరువైన పాపం. ప్రాణం ఇచ్చేవాడికి నిజం తెలుసుకునే హక్కు ఉంది. రాజు ధర్మంలో అది మొదటి మెట్టు.

ఆ మౌనంలో కొలువులో ఉన్నవాళ్ళకీ వాటా ఉంటుంది. రక్షణమంత్రి మెక్‌నమారాకు నమ్మకం సడలినా, 1968లో పదవి దిగాక కూడా నోరు విప్పలేదు. మేం చేసింది ఘోరమైన తప్పు అని పుస్తకంలో ఒప్పుకున్నది 1995లో. భీష్ముడూ అంతే కదా, అంపశయ్య మీదికి చేరాక ధర్మాలన్నీ చెప్పాడు. సభలో ద్రౌపది అడిగిన రోజున ధర్మం సూక్ష్మం అని ఊరుకున్నాడు.

మనకి సైన్యాలు లేవు. కానీ మన మాట నమ్మి నడిచేవాళ్ళు ఇంట్లో ఉన్నారు. నలుగురూ ఏమనుకుంటారో అని, మనకే నమ్మకం లేని దారిలోకి పిల్లల్ని తోస్తున్నామా? తోసి, రాత్రిళ్ళు నిద్ర పట్టక దొర్లుతున్నామా? అలాంటి రాత్రి వస్తే విదురుణ్ణి పిలవడం మంచిదే. అయితే తెల్లారాక ఆ మాట ఎవరికి చెప్పాలో వాళ్ళకి చెప్పగల ధైర్యం కూడా ఆ కృష్ణుణ్ణే అడుగుదాం.

శుభం భూయాత్.